దసరాకు చల్లితే ఉగాదికి పూసే నీలం

బ్లూబానెట్ విత్తనం చల్లాల్సింది దసరా రోజుల్లో. ఈ మాట ముందే చెప్పేస్తే, ఏటా నన్ను అడిగేవాళ్లలో సగం మందికి జవాబు దొరికినట్టే. టెక్సస్ రోడ్ల పక్కన నీలం పరుచుకునేది ఉగాదికి అటూ ఇటూ. అప్పుడే మనవాళ్లకు ఈ పువ్వు మీద మనసవుతుంది. ఆడపిల్లలకు పట్టు పరికిణీలు కట్టి పూల మధ్య కూర్చోబెట్టి ఫొటోలు తీస్తారు. ఆ వారమే దుకాణానికి వెళ్లి విత్తనాల ప్యాకెట్ కొంటారు, పెరట్లో చల్లి పొద్దూ సాయంత్రం నీళ్లు పోస్తారు. మే నెల ఎండలకు అక్కడ ఏమీ ఉండదు. "ఆంటీ, మా ఇంట్లో ఇది రావట్లేదండీ, మట్టి మంచిది కాదేమో" అంటారు. మట్టికేమీ కాలేదమ్మా, మీరు చల్లిన నెల దానిది కాదు అని చెబుతాను.

శనగ ఎప్పుడు వేస్తాం? వానలు వెనకపట్టాక, అక్టోబరులో. నేలలో ఉన్న తేమతో, చలిమంచుతో పెరిగి, ఎండలు ముదిరేలోపు కోతకొస్తుంది. బ్లూబానెట్‌దీ అదే రబీ లెక్క. సెప్టెంబరు నుంచి నవంబరు మధ్యలోపు నేలలో పడాలి, చలికాలమంతా నేలకు అంటుకుని ఉండాలి, మార్చి చివర పూయాలి, మే నెలలో కాయ పగిలి గింజ రాలి మొక్క చచ్చిపోవాలి. ఏడాది మొక్క ఇది. మళ్లీ ఏడు వచ్చేది దాని బిడ్డలే.

నేను నంద్యాలలో ఇంటర్మీడియెట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఆస్టిన్‌కు ఉత్తరాన ఉన్న లియాండర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. నాన్నగారు నల్లరేగడిలో శనగ వేసేవారు. ఇక్కడికొచ్చాక నాకు మొదట చుట్టరికం కలిసింది మనుషులతో కాదు, ఈ నేలతోనే. శాన్ ఆంటోనియో పక్కనుంచి ఆస్టిన్, వేకో, డాలస్ మీదుగా ఉత్తరానికి పోయే నల్లమట్టి పట్టీ ఒకటుంది, బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అంటారు. ఎండకు చెయ్యి దూరేంత పగుళ్లిస్తుంది, వానకు ఉబ్బి చెప్పును పట్టుకుని వదలదు. నేలల శాస్త్రంలో దీన్నీ మన రేగడినీ ఒకే తరగతిలో పెడతారు, వర్టిసాల్ అని. ఆ పట్టీకి పడమరగా సున్నపురాయి గుట్టలు మొదలవుతాయి. బ్లూబానెట్‌కు ఈ రెండు నేలలూ ఇష్టమే, ముఖ్యంగా గుట్టల వాలు. సున్నం పాలు ఎక్కువున్న మట్టి, నీళ్లు జారిపోయే చోటు, రోజంతా ఎండ ఉంటే దానికి చాలు.

శాస్త్రీయ నామం లూపినస్ టెక్సెన్సిస్. లూపిన్‌లలో రెండు వందలకు పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం అమెరికా ఖండాల్లోనివి, కొన్ని మధ్యధరా సముద్రం చుట్టుపక్కలవి. అన్నీ చిక్కుడు కుటుంబమే: మన శనగ, కంది, జనుము, జీలుగ, శంఖుపుష్పం చేరే కుటుంబం. స్కాట్లండ్ నుంచి వచ్చిన థామస్ డ్రమండ్ అనే ఆయన 1833, 1834లలో టెక్సస్ అంతా తిరిగి మొక్కలూ విత్తనాలూ సేకరించి ఇంగ్లండ్‌కూ స్కాట్లండ్‌కూ పంపాడు. 1835లో క్యూబాలో చనిపోయాడు. ఆ విత్తనాలతో అక్కడ పెరిగిన మొక్కను చూసి విలియం హుకర్ 1836లో దీనికి పేరు పెట్టాడు. టెక్సస్ మెక్సికో నుంచి విడిపోయిందీ ఆ ఏడాదే. కనుమరుగైన డ్రమండ్ పేరు ఇక్కడి రోడ్ల పక్కన బ్లూబానెట్‌తో కలిసి పూసే ఎర్రటి ఫ్లాక్స్ పువ్వుకు మిగిలింది. నాకు ఆ ఎరుపూ ఈ నీలమూ పక్కపక్కన కనబడ్డప్పుడల్లా ఆ మనిషి గుర్తొస్తాడు.

ఇక విత్తనం సంగతి. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ మొక్కను పెంచడంలో ఉన్న విద్యంతా గింజలోనే ఉంది.

గింజలు అరచేతిలో పోసుకుంటే ఏటి ఒడ్డున ఏరిన సన్న గులకరాళ్లలా ఉంటాయి. ఒకటి బూడిద రంగు, ఒకటి లేత గోధుమ, ఒకదాని మీద మచ్చలు. పొట్టు చాలా గట్టిది, నీరు లోపలికి దిగదు. నీరు దిగకపోతే పిండం మేలుకోదు. శనగలు నానబోసినప్పుడు రాత్రికి రాత్రి ఉబ్బకుండా అడుగున మిగిలిపోయే గింజలు ఒకటీ అరా ఉంటాయి కదా, బ్లూబానెట్‌లో దాదాపు అన్నీ ఆ రకమే. వేల ఏళ్లుగా మనిషి నానే గింజనే ఏరి దాచుకుని, దాన్నే మళ్లీ విత్తుకుంటూ రావడం వల్ల శనగకు ఆ మొండితనం పోయింది. బ్లూబానెట్‌ను ఎవరూ అలా మచ్చిక చేయలేదు.

ఆ మొండితనానికి కారణం టెక్సస్ వాన. ఒక్కో ఏడు సెప్టెంబరులో ఒక మంచి జల్లు పడుతుంది, ఆ తర్వాత డిసెంబరు దాకా చుక్క ఉండదు. ఆ మొదటి జల్లుకే గింజలన్నీ మొలిస్తే మొక్కలన్నీ ఎండిపోయి ఆ చోట వంశమే లేకుండా పోతుంది. అందుకని ఒకే కాయలోని అక్కాచెల్లెళ్లు కూడా ఒకే ఏడు మొలవవు. ఒకటి ఈ శరదృతువులో, ఒకటి రెండేళ్ల తర్వాత, మరొకటి ఇంకా ఆలస్యంగా. ఎండా చలీ మారిమారి తగిలి, మట్టిలోని రాళ్లకు రాసుకుని, సూక్ష్మజీవులు కొరికి పొట్టుకు ఎక్కడో ఒక సందు పడుతుంది. నీరు అక్కడినుంచి దిగుతుంది. కరవు ఏడాది పూలు లేకపోయినా కంగారుపడనక్కర్లేదని నేను అనేది ఇందుకే. రావలసిన మొక్కలు మట్టిలో ఉంటాయి.

అడవికి అంత ఓపిక ఉంది గానీ పెరటికి ఉండదు. మొదటి ఏడే పూలు చూడాలంటే ఆ సందు మనమే పెట్టాలి. విత్తనాల కంపెనీలు ఆమ్లంతో పొట్టును పలచన చేసిన గింజలు అమ్ముతాయి. ప్యాకెట్ మీద "స్కారిఫైడ్" అని రాసి ఉంటే అవే. వాటిని నేరుగా చల్లొచ్చు. మామూలు గింజలైతే నేను గరుకు కాగితాలు రెండు తీసుకుని, మధ్యలో గింజలు వేసి, వడ్లు నలిపినట్టు కాకుండా నిదానంగా రుద్దుతాను. పొట్టు మీద నిగనిగ పోయి లోపలి లేత రంగు కొంచెం కనబడితే చాలు, లోపలి పప్పు తగలకూడదు. ఆ రాత్రి నీళ్లలో వేస్తే పొద్దునకు ఉబ్బినవి ఉబ్బుతాయి. ఉబ్బిన వాటిని ఆ రోజే విత్తెయ్యాలి. ఉబ్బనివాటిని పారేయకుండా మళ్లీ రుద్దండి, లేదా అలాగే ఒక మూల చల్లేయండి, ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి.

చోటు ఎంచుకోవడంలో రెండే రెండు చూసుకోండి. రోజుకు ఎనిమిది గంటల పైన ఎండ పడాలి, వాన వెలిసిన గంటకు నీళ్లు నిలవకూడదు. మాలాంటి బంకమట్టి ఇళ్లలో గట్టు మీదో, ఏటవాలు మీదో, పడకను అర అడుగు ఎత్తు చేసో వేసుకోవాలి. ఒత్తుగా పెరిగిన సెయింట్ అగస్టీన్ పచ్చిక మీద చల్లి లాభం లేదు, గింజ మట్టిని తాకదు. బెర్ముడా గడ్డి అయితే చలికాలానికి ఎండిపోయి నిద్రపోతుంది కాబట్టి, అక్టోబరులో దాన్ని నేలకంటా కోసి, దంతెతో మట్టి బయటపడేదాకా గీకి చల్లొచ్చు. చదరపు అడుగుకు 8 నుంచి 10 గింజలు వేయండి. పైన పావు అంగుళం మించి మట్టి కప్పకూడదు. తర్వాత కాలితో తొక్కాలి. విత్తిన చోటు తొక్కితే మొలక రాదని మా అత్తగారు నన్ను కోప్పడేవారు గానీ, ఈ గింజకు మట్టి గట్టిగా అంటుకుంటేనే తేమ అందుతుంది.

పచ్చిక కోసం శరదృతువులో కలుపు మొలవకుండా చల్లే మందు ఒకటుంది, ఎరువుతో కలిపి కూడా అమ్ముతారు. లాన్ చూసేవాళ్లు అడక్కుండానే వేసి పోతుంటారు. ఆ మందుకు కలుపు గింజకూ బ్లూబానెట్ గింజకూ తేడా తెలియదు. మీరు ఆ చోటును తాడు కట్టి వేరుచేసి, ముందే వాళ్లకు చెప్పాలి.

మొదటి రెండు మూడు వారాలు మట్టి ఆరకుండా చూడండి. రుద్ది నానబెట్టిన గింజ పది రోజుల్లో మందపాటి రెండు బీజదళాలతో లేస్తుంది. ఆ తర్వాత అయిదు వేళ్ల అరచెయ్యిలాంటి అసలు ఆకులు వస్తాయి. ఈ దశలో ఎక్కువ నీళ్లు పోస్తే మొదలు కుళ్లి మొక్క పడిపోతుంది. రాత్రుళ్లు రోకలిబండ పురుగుకు దూరపు చుట్టంలా ముట్టుకుంటే ఉండ చుట్టుకునే బూడిదరంగు పురుగులు వస్తాయి, ఇక్కడి పిల్లలు రోలీపోలీ అంటారు. అవి లేత కాండాన్ని కొరికేస్తాయి. చుట్టూ తడి ఆకుల చెత్త లేకుండా శుభ్రంగా ఉంచితే వాటి బెడద చాలావరకు తగ్గుతుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో చూసినవాళ్లు ఇదేం మొక్క అంటారు. పళ్లెం వెడల్పున నేలకు పరుచుకుని ఉంటుంది, పైకి ఒక్క అంగుళం కూడా లేవదు. గట్టి చలికి ఆకుల అంచులు ఎర్రబడతాయి. పని అంతా కింద జరుగుతుంటుంది. వేరు లోతుకు దిగుతుంది, వేరు మీద బుడిపెలు కడతాయి. ఒక మొక్క పీకి మా మనవరాలికి ఆ బుడిపెను బ్లేడుతో కోసి చూపించాను. లోపల గులాబి రంగు. "నానమ్మా, మొక్కకు రక్తం ఉంటుందా?" అంది. మన రక్తంలో ఆక్సిజన్‌ను పట్టుకునే హీమోగ్లోబిన్‌కు బంధువైన పదార్థమే అది, లెగ్‌హీమోగ్లోబిన్. బుడిపెలో కాపురముండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది, మొక్క దానికి చక్కెర పెడుతుంది. ఈ ప్రశ్న నేను క్లాసులో ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన ప్రశ్న, అడిగింది మాత్రం నా మనవరాలు.

అందుకే దీనికి నత్రజని ఎరువు వేయొద్దు. వేస్తే ఆకు గుబురుగా వస్తుంది, పువ్వు రాదు. శనగకు పట్టించే రైజోబియం పొడి ఇక్కడ పనికిరాదు, లూపిన్‌లకు వాటి బ్యాక్టీరియా వేరే ఉంది. మీ చోట ఎప్పుడూ బ్లూబానెట్ పెరగకపోతే, పెరిగిన చోటునుంచి నాలుగు గుప్పిళ్ల మట్టి తెచ్చి కలపండి.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను గడ్డకట్టించిన తుపాను చాలామందికి గుర్తుండే ఉంటుంది. కరెంటు పోయి, పైపులు పగిలి, కుటుంబాలు ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని గడిపాయి. ఊరంతా బయట పెంచుకున్న నిమ్మ, కరివేపాకు, మల్లె మాడిపోయాయి. నేలకంటుకున్న బ్లూబానెట్లు మంచు కింద బతికి, ఆ వసంతంలో పూచాయి.

చలికాలంలోనే చేయాల్సిన పని ఇంకొకటుంది. ఆవకుటుంబానికి చెందిన ఒక కలుపు, పేరు బాస్టర్డ్ క్యాబేజీ, మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చి ఈ రాష్ట్రంలో రోడ్ల పక్కన విపరీతంగా పాకుతోంది. వసంతంలో పసుపు పూలతో ఆవచేను అనిపిస్తుంది, దాంట్లో కూడా మనవాళ్లు ఫొటోలు దిగుతారు. అది వెడల్పాటి ఆకులతో బ్లూబానెట్ కంటే ముందు పరుచుకుని ఎండ తగలకుండా చేస్తుంది. జనవరిలో నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకెయ్యాలి. పూశాక పీకితే అప్పటికే ఆలస్యం.

మార్చి మధ్యకు నడుమ నుంచి కాండం లేస్తుంది. అడుగు ఎత్తున వెన్ను, దాని మీద యాభై దాకా పూలు, కొసన తెల్లటి నూగు మొగ్గలు. ఈ తెల్ల కొస చూస్తే చాలు, దూరం నుంచే ఈ జాతిని పోల్చుకోవచ్చు. పువ్వు శనగ, బఠాణీ పువ్వుల కట్టుబడిలోనే ఉంటుంది: పైన ధ్వజం, పక్కన రెండు బాహువులు, లోపల దాగిన ద్రోణి. ధ్వజం నడుమ ఒక తెల్లని మచ్చ. వంగి దగ్గరగా చూడండి. వెన్ను పైభాగంలో పూలకు మచ్చ తెల్లగా ఉంటుంది, కింది పూలకు అదే మచ్చ ముదురు ఎరుపు. పూలు రెండు రకాలు కావు. విచ్చిన ఐదారు రోజులకు తెలుపు ఎరుపవుతుంది.

ఇది తేనెటీగల కోసం. బ్లూబానెట్ మకరందం ఇవ్వదు, ఇచ్చేది పుప్పొడే. ఈగ వచ్చి బాహువుల మీద వాలగానే దాని బరువుకు ద్రోణి కొసనుంచి పుప్పొడి బయటికి వచ్చి ఈగ పొట్టకు అంటుకుంటుంది. తెల్ల మచ్చ ఉన్న పువ్వులో పుప్పొడి తాజా. ఎర్రబడ్డ పువ్వులో పుప్పొడి పాతబడింది, అక్కడ పని అయిపోయింది. ఈగలు ఈ తేడా నేర్చుకుని తెల్ల మచ్చల మీదే వాలతాయి. మరి పని అయిపోయిన పువ్వును మొక్క ఎందుకు రాల్చదు? నిండుగా ఉన్న వెన్ను దూరం నుంచి ఈగలకు కనబడుతుంది, దగ్గరికి వచ్చాక మచ్చ దారి చూపిస్తుంది. ఒక పొద్దుటిపూట పది నిమిషాలు ఒక గుబురు దగ్గర కూర్చుని చూడండి. ఇంత కంటే స్పష్టంగా పరాగసంపర్కం నేర్పే పాఠం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఈ పువ్వు రాష్ట్రానికి గుర్తు కావడం వెనక మంచి వాదులాటే నడిచింది. 1901లో టెక్సస్ శాసనసభలో రాష్ట్ర పుష్పం మాట వచ్చినప్పుడు కొందరు పగిలిన పత్తికాయను పెట్టమన్నారు. ఆనాటి టెక్సస్ పత్తి రాజ్యం, ఆ మాటలో అర్థముంది. జాన్ నాన్స్ గార్నర్ అనే సభ్యుడు నాగజెముడు పువ్వు కోసం పట్టుబట్టాడు. తర్వాత రూజ్‌వెల్ట్ కింద దేశానికి ఉపాధ్యక్షుడైన గార్నర్ ఆయనే, జీవితాంతం ఆయన్ను కాక్టస్ జాక్ అనే పిలిచారు. కలోనియల్ డేమ్స్ అనే మహిళా సంఘంవారు బ్లూబానెట్ చిత్రపటం తెప్పించి సభలో చూపించారు, సభ వాళ్ల వైపు మొగ్గింది. అయితే చట్టంలో రాసింది లూపినస్ సబ్‌కార్నోసస్ అనే మరో జాతి పేరు, ఇసుక నేలల్లో పెరిగే కాస్త చిన్న పువ్వు. కొండల మీద, రోడ్ల మీద అందరూ చూసి మురిసే టెక్సెన్సిస్‌కు ఆ గౌరవం చట్టప్రకారం లేదు. ఈ పేచీ డెబ్భై ఏళ్లు నడిచి, 1971లో రెండూ, రాష్ట్రంలో పెరిగే ఏ బ్లూబానెట్ అయినా రాష్ట్ర పుష్పమేనని సవరించాకే తీరింది. పడమట బిగ్ బెండ్ ఎడారిలో మూడడుగుల ఎత్తు పెరిగేది కూడా ఆ లెక్కలోనే వస్తుంది.

రోడ్ల పక్కన ఇంత నీలం ఉండడం పూర్తిగా ప్రకృతి పని కాదు. 1930ల నుంచి రాష్ట్ర రహదారుల శాఖ పూలు పూసి గింజ రాలేదాకా గడ్డి కోయకుండా ఆగడం అలవాటు చేసుకుంది. ఇప్పటికీ ఏటా సుమారు 30,000 పౌండ్ల అడవిపూల విత్తనాలు కొని చల్లుతోంది. లేడీ బర్డ్ జాన్సన్ పేరు ఇక్కడ చెప్పి తీరాలి. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య, టెక్సస్ ఆడపడుచు. 1965లో వచ్చిన రహదారుల సుందరీకరణ చట్టం వెనక ఉన్నది ఆమె పట్టుదలే. తన డెబ్భయ్యో పుట్టినరోజున, 1982 డిసెంబరులో, నటి హెలెన్ హేస్‌తో కలిసి ఆస్టిన్‌లో అడవిపూల పరిశోధన కేంద్రం పెట్టింది. ఇప్పుడది ఆమె పేరుతోనే ఉంది. స్థానిక మొక్కలను అందం కోసమే కాదు, నీళ్లు తక్కువ తాగుతాయని, నేలను పట్టి ఉంచుతాయని పెంచమని ఆ కేంద్రం చెబుతూ వస్తోంది. ఇంగ్లండ్ గులాబీల కోసం టెక్సస్ నీళ్లు ధారపోయడం కంటే ఈ మాట నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

ఫొటోల సంగతికొస్తాను. పిల్లలను పూలలో కూర్చోబెట్టి ఫొటో తీయడం ఇక్కడివాళ్లకు తరతరాల ముచ్చట, మనవాళ్లూ అందులో కలిసిపోయారు, చాలా సంతోషం. కానీ తొక్కిన మొక్క లేవదు, కాయ కట్టదు. వంద కుటుంబాలు ఒకే గుబురులోకి దిగితే మరుసటి ఏడు అక్కడ ఖాళీ నేల కనబడుతుంది. ముందువాళ్లు నడిచిన బాటలోనే నడవండి, పూల అంచున ఖాళీగా ఉన్న చోట పిల్లను కూర్చోబెట్టి కెమెరాను కిందికి దించండి, పూల మధ్యలో ఉన్నట్టే వస్తుంది. బ్లూబానెట్ కోస్తే నేరమని చాలామంది అంటారు. దాని కోసమని ప్రత్యేక చట్టమేమీ లేదు. రాష్ట్ర పార్కుల్లో మాత్రం ఏ పువ్వూ కోయకూడదు, ఒకరి కంచె దాటి లోపలికి పోవడం ఎలాగూ తప్పు. ఎర్ర చీమల పుట్టలుంటాయి, గిలక పాములుంటాయి, కర్ర చేతపట్టుకుని చూసి దిగండి. హైవే పక్కన కారు ఆపి పసిపిల్లలను దింపేవాళ్లను చూస్తే నా గుండె ఝల్లుమంటుంది. దానికి బదులు డాలస్ వాళ్లు దక్షిణాన ఉన్న ఎన్నిస్ వెళ్లండి, ఏప్రిల్‌లో ఊరివాళ్లే దారులు గుర్తుపెట్టి చూపిస్తారు. హ్యూస్టన్ వాళ్లకు చాపెల్ హిల్, ఆస్టిన్ వాళ్లకు బర్నెట్.

దుకాణాల్లో ముదురు ఎరుపు బ్లూబానెట్లు కూడా దొరుకుతాయి. 1986లో టెక్సస్ మెక్సికో నుంచి విడిపోయి నూట యాభై ఏళ్లు నిండుతున్న సందర్భంగా ఎరుపు, తెలుపు, నీలం బ్లూబానెట్లతో రాష్ట్ర జెండా వేయాలని క్యారల్ అబట్ అనే ప్రకృతి ప్రేమికుడు కలగన్నాడు. ఆయన 1984లోనే కన్నుమూశాడు. శాన్ ఆంటోనియోలోని ఉద్యాన శాస్త్రవేత్త జెర్రీ పార్సన్స్ అడవిలో అరుదుగా కనిపించే తెల్లవీ గులాబీవీ వెతికించి, ఏళ్ల తరబడి ఏరి ఏరి ఆ ముదురు రంగును నిలబెట్టాడు. పక్కన నీలం మొక్కలుంటే ఈగలు రెండిటినీ కలిపేస్తాయి, రెండు మూడేళ్లలో మళ్లీ నీలమే వస్తుంది. ఎరుపు నిలవాలంటే నీలం కనబడగానే పీకాలి. నాకు పీకడానికి చేతులు రాలేదు, మా పెరట్లో నీలమే ఉంది.

న్యూయార్క్, మిషిగన్, విస్కాన్సిన్ వైపు ఉన్నవాళ్లు ఈ పద్ధతులు పాటించకండి. అక్కడి అడవి లూపిన్ వేరు, లూపినస్ పెరెనిస్. పేరుకు తగ్గట్టు ఏళ్ల తరబడి బతుకుతుంది. దానికి కావలసింది ఇసుక నేల, కొంచెం ఆమ్ల గుణం. లోతుకు దిగే తల్లివేరు కాబట్టి పెద్ద మొక్కను తవ్వి మార్చి నాటితే బతకదు, గింజే వేయాలి. దాని ఆకు తప్ప మరేదీ తినని గొంగళిపురుగు ఒకటుంది, కార్నర్ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుకది. దానికి శాస్త్రీయంగా పేరు పెట్టింది నవలా రచయిత వ్లదీమిర్ నబొకోవ్, 1944లో. ఇసుక నేలలు ఇళ్లస్థలాలై లూపిన్ తగ్గేసరికి ఆ సీతాకోకచిలుక 1992లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాకెక్కింది. ఆ ప్రాంతంలో పెరడు ఉన్నవాళ్లు వేయగలిగితే వేయాల్సిన మొక్క అది.

ఇండియా వెళ్తూ గింజలు సూట్‌కేసులో పెట్టుకుపోతామని కొందరు అడుగుతారు. వద్దు. మన దేశంలోకి విత్తనం తేవాలంటే దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలని చట్టముంది, ఆ చట్టం సరైనదే. నేల కోతను ఆపడానికని అలాస్కా లూపిన్ తెచ్చి వేసిన ఐస్‌లాండ్‌లో, అది ఇప్పుడు స్థానిక మొక్కలను కప్పేస్తోంది. న్యూజిలాండ్ నదుల గులకమేటల మీద తోటల లూపిన్‌లు ఎక్కి, అక్కడ గూళ్లు పెట్టే పక్షులకు చోటు లేకుండా చేస్తున్నాయి. వయ్యారిభామను చూసిన మనకు ఇంకో పాఠం అక్కర్లేదు. ఊళ్లో నత్రజని ఇచ్చే పూల చేను చూడాలనిపిస్తే జనుము చల్లండి, పసుపు పూలతో నిండుతుంది, తొలకరికి దున్నేస్తే ఎరువూ అవుతుంది.

ఇంకొక జాగ్రత్త. గింజలు పప్పుధాన్యంలా కనబడతాయి గానీ విషం, లూపిన్‌ల చేదు ఆల్కలాయిడ్లు వాటిలో ఉంటాయి. మధ్యధరా దేశాల్లో ఒక జాతి లూపిన్ గింజలను రోజుల తరబడి నీళ్లు మార్చి మార్చి నానబెట్టి తింటారు, అది వేరే కథ. బ్లూబానెట్ కాయలు పసిపిల్లలకూ కుక్కలకూ అందకుండా చూసుకోండి.

ఏప్రిల్ చివరికి పూలు వడలిపోయి, నూగు కాయలు పచ్చగా వేలాడుతూ పెరడు కళ తప్పుతుంది. కోసేయాలని చెయ్యి లాగేది అప్పుడే, కోయకూడనిదీ అప్పుడే. కాయ పసుపు తిరిగి, గోధుమ రంగుకు వచ్చి, ఊపితే లోపల గింజ గలగలమనాలి. మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) వాళ్లు గడ్డి పెరిగిందని నోటీసు పంపే కాలం కూడా ఇదే. అందుకని నేను ముందే పడక చుట్టూ రాళ్ల అంచు కట్టించి, ఇది అడవిపూల మడి అని చిన్న పలక పెట్టించాను. అంచు ఉంటే తోట, అంచు లేకపోతే గడ్డి, చూసేవాళ్లకు అంతే. మే నెల మధ్యాహ్నం ఎండకు కాయలు టప్పున పగిలి రెండు డిప్పలూ మెలిపడతాయి, గింజలు అడుగుల దూరం ఎగిరిపడతాయి. సగం కాయలను అలా వదిలేస్తాను, వచ్చే ఏటి మడి వాటిది. మిగతా సగం పగలకముందే కోసి, మూతి కట్టిన కాగితపు సంచిలో వేసి గరాజులో వేలాడదీస్తాను. ప్లాస్టిక్ కవరులో వేస్తే చెమర్చి బూజు పడుతుంది. వారం రోజులపాటు సంచిలో చిటపటలు వినబడతాయి. ఎండిన మొక్కలను పీకకుండా నేల మట్టానికి కోస్తాను, బుడిపెలున్న వేళ్లు మట్టిలోనే కుళ్లి నత్రజని వదులుతాయి. గింజలు చెరిగి, గాజు సీసాలో పోసి, ఏ ఏడాదివో రాసి పెడితే ఏళ్ల తరబడి మొలక శక్తి ఉంటుంది. బతుకమ్మ ఆడడానికి మా కాలనీ ఆడవాళ్లంతా పార్కులో చేరినప్పుడు చిన్న పొట్లాలు కట్టి పంచుతాను, ఒక గరుకు కాగితం ముక్క కూడా జత చేసి.